27 ఓలెడ్ మానిటర్ తీసుకోవాలా, 34 అల్ట్రావైడ్ ఐపీఎస్ తీసుకోవాలా?

గోదారి_గట్టు
అందరికీ నమస్కారం. రెండేళ్లు దాచుకున్న డబ్బు, తప్పు చేయకూడదని అడుగుతున్నాను. చివరికి రెండు మిగిలాయి. 27 అంగుళాల 1440పీ (నిలువునా 1440 పిక్సెళ్లు) క్యూడీ-ఓలెడ్ (ఓలెడ్‌లో ఒక రకం), 34 అంగుళాల అల్ట్రావైడ్ (బాగా వెడల్పు) ఐపీఎస్ (వెనక లైటుండే ఎల్‌సీడీ రకం). గ్రాఫిక్స్ కార్డు 4060 టీఐ. పగలు తొమ్మిది గంటలు జావా కోడు, రాత్రి రెండు గంటలు ఎల్డెన్ రింగ్, వాలరెంట్ గేములు. ఆదివారం పీఎస్5 గేమ్ కన్సోల్. బల్ల వెడల్పు రెండడుగులే, సరిపోతుందా? గదికి పడమటి కిటికీ ఉంది. ఇంకొకటి, నాన్నగారు రాత్రి పడుకునే ముందు స్విచ్‌బోర్డు మొత్తం ఆపేస్తారు. ఓలెడ్‌కి ఏమైనా ఇబ్బందా?

ఎల్బీనగర్_రైడర్
అల్ట్రావైడ్ కొనెయ్ అన్నా, ఆలోచించకు. ఎడమ పక్క కోడు, మధ్యలో బ్రౌజర్, కుడి పక్క లాగ్స్. ఫోర్జా హొరైజన్ 5 కారు రేసు గేము పెట్టిన మొదటి రోజు నేను అన్నం తినడం మర్చిపోయాను. పక్క అద్దం కూడా కనిపిస్తుంది!

నైట్_షిఫ్ట్
ఆయన ఫోర్జా అడిగారా? ఎల్డెన్ రింగ్‌లో 21:9 (అల్ట్రావైడ్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) లేదు, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. వాలరెంట్‌లోనూ అంతే. పీఎస్5 అసలు 21:9 ఇవ్వదు. ఆడే మూడింటికీ పనికిరాని వెడల్పు కోసం డబ్బు పెట్టమంటున్నారు. పైగా 34 ఎత్తు, 27 ఎత్తు ఒక్కటే. పిక్సెల్స్ మాత్రం 34 శాతం ఎక్కువ, ఆ భారం కార్డు మీదే.

మామిడితోట
ఓలెడ్ వైపు వెళ్లేముందు నా అనుభవం వినండి. 14 నెలలు వాడాను. పగలంతా తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో ఎక్సెల్, బ్రైట్‌నెస్ 90. ఇప్పుడు బూడిద రంగు స్క్రీన్ పెడితే కింద టాస్క్‌బార్ నీడ స్పష్టంగా కనిపిస్తుంది. కంపెనీకి ఫొటోలు పంపితే "వాడకం వల్ల" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. బాధగా ఉంది, అంతే.

ప్యానెల్_మేస్త్రి
పన్నెండేళ్లుగా టీవీ, మానిటర్ ప్యానెళ్లు విప్పి చూస్తున్నాను కాబట్టి చెబుతున్నా. మామిడితోట గారికి కనిపించే ఆ నీడనే బర్న్-ఇన్ అంటారు, అంటే ఏదో కాలిపోవడం కాదు. ఓలెడ్‌లో ప్రతి పిక్సెల్ తనే వెలుగుతుంది, వెలిగిన కొద్దీ అరుగుతుంది. ఒకేచోట బొమ్మ కదలకుండా ఉంటే ఆ చోటు మిగతావాటికంటే ముందు అరిగిపోతుంది. అందుకే లోపల సర్దుబాటు ఉంటుంది, పిక్సెల్ రిఫ్రెష్ అంటారు. చాలా మోడళ్లలో నాలుగు గంటల వాడకానికి ఒకసారి, ఆపాక స్టాండ్‌బైలో కొన్ని నిమిషాలు నడుస్తుంది. స్విచ్‌బోర్డు ఆపేస్తే అది జరగదు. మామిడితోట గారూ, మీరూ రాత్రి మెయిన్ ఆపేసేవారు కదా?

మామిడితోట
అవును, ఆపేవాళ్లం. ఎవరూ చెప్పలేదు.

కోనసీమ_కుర్రాడు
మెయిన్ ఆపకూడదని చెప్పడం తేలిక సార్. మా వైపు జూన్ వచ్చిందంటే పిడుగులు. 2023లో మా ఇంట్లో సెట్‌టాప్ బాక్సు, రౌటర్, టీవీ హెచ్‌డీఎంఐ పోర్టు ఒకే రాత్రి పోయాయి. ఆ రోజు నుంచి అమ్మ ప్లగ్గే పీకేస్తుంది. గోదారి_గట్టు గారి నాన్నగారు చేసేదే సరైన పని.

ప్యానెల్_మేస్త్రి
సర్జ్ ప్రొటెక్టర్ (హఠాత్తుగా పెరిగే వోల్టేజీని అడ్డుకునేది) పెట్టుకోండి. స్టాండ్‌బై ఖర్చు అర వాటు. ఏడాదికి నాలుగున్నర యూనిట్లు కూడా కాదు. దానికోసం ఇంత ఖరీదైన ప్యానెల్ పాడుచేసుకుంటారా?

కోనసీమ_కుర్రాడు
నేను కరెంటు బిల్లు గురించి అన్నానా? ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో సర్జ్ ప్రొటెక్టర్ ఏం చేస్తుంది? పన్నెండేళ్ల అనుభవం అంటున్నారు, పల్లెటూరి వైరింగ్ ఎప్పుడైనా చూశారా?

ప్యానెల్_మేస్త్రి
చూశాను కాబట్టే చెబుతున్నా. మాటలు మర్యాదగా రానివ్వండి.

నైట్_షిఫ్ట్
ఇద్దరూ ఆగండి. మా ఇంట్లో చేసేది ఇది. రాత్రి మానిటర్ బటన్‌తో ఆపుతాను, చిన్న లైటు మినుకుమంటూ ఉంటుంది. అది ఆగాక బోర్డు ఆపుతాను. పిక్సెల్ రిఫ్రెష్ అయిపోతుంది, పిడుగు భయమూ ఉండదు. పది నిమిషాల పని.

కోనసీమ_కుర్రాడు
ఉరుములు మొదలయ్యాక పది నిమిషాలు ఆగమంటారా?

నైట్_షిఫ్ట్
అప్పుడు వెంటనే పీకెయ్యండి. ఒక రాత్రి తప్పితే ఏమీ కాదు. రోజూ తప్పితేనే ఇబ్బంది.

ఎల్బీనగర్_రైడర్
34 మీద పన్ను ఎక్కువని ఇంకా ఎవరైనా అనుకుంటుంటే, అది పాత మాట. 32 అంగుళాలు దాటిన మానిటర్లకు 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతమే. నేను అంతకు ముందు కొన్నాను, ఇప్పటికీ కడుపు మండుతుంది.

తలకట్టు
నేను తెలుగు డీటీపీ చేస్తాను. ఎవరూ అక్షరాల సంగతి ఎత్తలేదు. క్యూడీ-ఓలెడ్‌లో ప్రతి పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు వరసగా కాకుండా త్రికోణంగా ఉంటాయి. విండోస్ అక్షరాలను వరసకు తగ్గట్టు నునుపు చేస్తుంది. 27 అంగుళాల 1440పీలో తలకట్ల మీద, వత్తుల కింద సన్నగా ఆకుపచ్చ, గులాబీ అంచులు కనిపిస్తాయి. "స్త్రీ", "రాష్ట్రం" లాంటివి చిన్న సైజులో చదివితే సాయంత్రానికి నా కళ్లు లాగేవి. 4కేలో పిక్సెళ్లు చిన్నవి కాబట్టి దాదాపు తెలియదు. తొమ్మిది గంటలు కోడు చదివేవారు ఇది కళ్లతో చూశాకే కొనాలి. పడమటి ఎండ పడితే ఆ ప్యానెల్ నలుపు కాస్తా ఊదా బూడిద రంగుకు తిరుగుతుంది, అదీ చూడండి.

నైట్_షిఫ్ట్
నిజమే, నా గదిలో మందపాటి కర్టెన్ వేశాకే ఓలెడ్ విలువ తెలిసింది. ఎల్డెన్ రింగ్ గుహలో దివిటీ వెలుగు తప్ప మిగతాదంతా కటిక చీకటి. ఐపీఎస్‌లో ఆ నలుపు రాదు, మూలల్లో తెల్లగా మెరుస్తుంది.

గోదారి_గట్టు
అందరికీ ధన్యవాదాలు. నిన్న సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి పెన్‌డ్రైవ్‌లో నా కోడు ఫైలు తీసుకెళ్లి రెండింటిలో తెరిచి చూశాను. తలకట్టు గారు చెప్పిన అంచులు నాకూ కనిపించాయి, కానీ డార్క్ థీమ్‌లో అక్షరం ఒక సైజు పెంచితే ఇబ్బంది అనిపించలేదు. ఓలెడ్‌కే అడ్వాన్స్ ఇచ్చాను. పగటి పనికి ఆఫీసు లాప్‌టాప్, పాత ఐపీఎస్ మానిటర్ వాడుకుంటాను, కొత్తది రాత్రికే. నాన్నగారికి లైటు సంగతి చెప్పాను. "లైటు ఆగేదాకా నేనే కూర్చుంటాలేరా" అన్నారు.

కోనసీమ_కుర్రాడు
సంతోషం అన్నా. మేస్త్రి గారూ, ఇందాక గట్టిగా మాట్లాడాను, ఏమనుకోకండి. మా ఇంటికి ఎర్తింగ్ కొత్తగా వేయిద్దామనుకుంటున్నాం. రాగి పలక మంచిదా, జీఐ పైపు సరిపోతుందా?