‘అచ్చట నుంచి’: అక్కణ్ణుంచా, అక్కడ ఉంచా?

మొన్న శనివారం రాత్రి మా పొడుపుకథల కూటమిలో ఒక పాత చాటుపద్యం మమ్మల్ని గంటన్నర కూర్చోబెట్టింది. దాన్ని విప్పుతుంటే నేను ముప్ఫై ఏళ్లుగా చెబుతున్న అర్థంలో ఒక తప్పు బయటపడింది. అందుకే ఇక్కడ పెడుతున్నాను. పద్యం మీలో చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది:

అంచిత చతుర్థ జాతుడు
పంచమ మార్గమున నేగి ప్రథమ తనూజన్
గాంచి తృతీయం బచ్చట
నుంచి ద్వితీయంబు దాటి యొప్పుగ వచ్చెన్

నియమాలు ఎప్పటివే. ఫోన్‌లో వెతకకూడదు, ముందే తెలిసినవాళ్లు నోరు మెదపకూడదు. తెలిసిన ఇద్దరం మైకు ఆపేసి కూర్చున్నాం. మిగతావాళ్లు ఏడుగురు, సగంమంది ఇక్కడ, సగంమంది అమెరికాలో పొద్దున కాఫీ తాగుతూ.

మొదట అందరూ అన్నదమ్ముల మీద పడ్డారు. ‘చతుర్థ జాతుడు’ అనగానే నాలుగోవాడుగా పుట్టినవాడు అనే తడుతుంది కదా! ఒకరు నకులుడన్నారు, ఒకరు శత్రుఘ్నుడన్నారు. నకులుణ్ణి పట్టుకున్నాయన సహదేవుడి దారిన వెళ్లి ధర్మరాజు కూతురి దాకా వచ్చి, భీముణ్ణి ఎలా దాటించాలో తెలీక వదిలేశాడు. తిరకాసంతా సమాసంలోనే ఉంది. నాలుగోవాడుగా పుట్టినవాడు కాదు, నాలుగోదాని వలన పుట్టినవాడు.

‘అన్నదమ్ములు కాకుండా ఐదుగా లెక్కపెట్టేవి ఏమున్నాయి?’ అని ఒకమ్మాయి అడగడంతో బండి కదిలింది. వేళ్లు, ఇంద్రియాలు, ప్రాణాలు అన్నీ అయ్యాక పంచభూతాలు వచ్చాయి. ఇక్కడ తమాషా ఏమిటంటే, బాగా చదువుకున్నాయనే దారి తప్పాడు. ఆయన తైత్తిరీయోపనిషత్తు వరసలో లెక్కపెట్టాడు: ఆకాశం నుంచి వాయువు, వాయువు నుంచి అగ్ని, అగ్ని నుంచి నీరు, నీటి నుంచి భూమి. అలా అయితే నీటి కొడుకు నేలదారిన వెళ్లి ఆకాశం కూతుర్ని చూసి, గాలిని దాటి వచ్చాడన్నమాట! అందరం నవ్వాం. వరస తిరగేయమని మరొకరు అన్నారు. న్యాయశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహంలో ఉన్న వరస అదే: పృథివి, నీరు, తేజస్సు, వాయువు, ఆకాశం. ఇక తాళం చకచకా తెరుచుకుంది. వాయుపుత్రుడు ఆకాశమార్గాన వెళ్లి, భూమి కూతురు సీతను చూసి... ఆఖరున నీటిని, అంటే సముద్రాన్ని దాటి వచ్చాడు. చూడండి, వరస ఎటు నుంచి లెక్కపెట్టినా నడుమనున్న అగ్ని మాత్రం 3వదే.

కానీ నేను నీళ్లు నమిలింది సరిగ్గా ఆ 3 దగ్గరే. ‘తృతీయం, అంటే నిప్పు. లంక కాల్చి, అక్కణ్ణుంచి సముద్రం దాటి వచ్చాడు’ అని ఎప్పట్లాగే చెప్పేశాను. ఆ అమ్మాయే పట్టుకుంది: ‘మాస్టారూ, కాల్చి అనే మాట పద్యంలో ఎక్కడుంది?’

లేదు. నిజంగానే లేదు! ‘అచ్చట నుంచి’ అంటే ‘అక్కణ్ణుంచి’ అనుకుంటే నిప్పుకు క్రియే ఉండదు. ఆ పిల్ల వెంటనే లెక్క కట్టింది. ఐదోదానికి ఏగి, మొదటిదానికి గాంచి, రెండోదానికి దాటి ఉన్నాయి. నాలుగోవాడి కొడుకు కర్త, అతనికి వచ్చెన్ ఉంది. మూడోది ఒక్కటే అనాథ. దానికి దక్కాల్సిన క్రియ పాదం విరుపులో దాక్కుంది. అచ్చటన్ + ఉంచి. తృతీయాన్ని అక్కడ ఉంచి, అంటే నిప్పు పెట్టి!

ఇప్పుడు నా సందేహం. నా నోట్‌బుక్కులో చివరి పాదం ‘దాటి నొప్పుగ వచ్చెన్’ అని ఉంది. పైన రాసింది కూటమిలో ఒకరు చదివిన పాఠం. ఏది సరైనది? మీరేమంటారు?

తెనాలి నుంచి ఒక సభ్యురాలు: మాస్టారూ, యతి (పాదంలో రెండు చోట్ల అక్షరాలకు ఉండాల్సిన పొత్తు) పట్టుకోండి, అదే చెబుతుంది. ఇది కందం. 2, 4 పాదాల్లో ఐదేసి గణాలు, పాదం మొదటి అక్షరానికి ఆ పాదంలో నాలుగో గణం మొదటి అక్షరంతో యతి. రెండో పాదంలో పం–ప్ర, గొడవ లేదు. నాలుగో పాదం ఇలా విడదీయండి: నుంచిద్వి / తీయం / బుదాటి / యొప్పుగ / వచ్చెన్. పైకి ‘ను’కి ‘యొ’కి యతి చెల్లినట్టు కనబడదు. కానీ అచ్చటన్ + ఉంచి అని విడదీస్తే పాదం మొదట ఉన్నది ఉ. దాటి + ఒప్పుగ విడదీస్తే అటు ఉన్నది ఒ. ఉకారానికి, ఒకారానికి స్వరమైత్రి ఉంది. అంటే పద్యం రాసినాయన మనసులో ‘ఉంచి’ అనే ఉంది. యతిస్థానంలో సాక్ష్యం వదిలిపెట్టి పోయాడు.

బెంగళూరు నుంచి ఒక సభ్యుడు: అమ్మా, నాదో అడ్డు ప్రశ్న. ‘నొప్పుగ’ అని ఉంచితే ను–నొ యతి ఇంకా హాయిగా, కంటికి కనబడేలా కుదురుతుంది కదా. మా తాతగారూ అలాగే చదివేవారు. ఉన్నదాన్ని ఎందుకు మార్చాలి?

తెనాలి సభ్యురాలు: ఆ నకారం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పు నాయనా, ఒప్పుకుంటాను. ‘దాటి’ చివర ద్రుతం, అంటే మాట చివర చేరే నకారం, లేదు. దాటి, వచ్చి, చూసి లాంటి క్త్వార్థక ఇకారానికి (ఒక పని అయ్యాక అని చెప్పే మాటల చివరి ‘ఇ’కి) సంధి లేదని, సంధి లేని చోట యడాగమం, అంటే నడుమ ఒక యకారం, వస్తుందని చిన్నయసూరి బాలవ్యాకరణంలోనే ఉంది. కాబట్టి దాటి యొప్పుగ. నాకు తోచేది ఏమిటంటే, ‘నుంచి’ని విడదీయకుండా ఒకే మాటగా విన్నవాళ్లెవరో యతి తప్పిందనుకుని, అటు కూడా ఓ నకారం తగిలించి ఉంటారు. పద్యాన్ని బాగుచేశామనుకున్నారు, పాపం.

వరంగల్ నుంచి ఒక సభ్యుడు: అక్కా, మీరు యతితో పట్టుకున్నది ఆ అమ్మాయి ఛందస్సు రాకుండానే పట్టేసింది. సుడోకులో మేం చేసేది అదే. గడులు ఐదు, మాటలు ఐదు, ఏదో ఒక గడి ఖాళీగా మిగిలిందంటే పైన ఎక్కడో తప్పు చదివామన్నట్టే. జవాబు హనుమంతుడని తేలాక కూడా ఖాళీ గడిని వదల్లేదు చూడండి, అదీ అసలు ఆట. మామూలుగా జవాబు దొరకగానే మేం చప్పట్లు కొట్టి తర్వాతిదానికి పోతాం.

డల్లాస్ నుంచి ఒక సభ్యుడు: చిన్న పిడకలవేట, క్షమించాలి. బళ్లో మనమంతా ‘వలనన్, కంటెన్, పట్టి పంచమీ విభక్తి’ అని ఊగుతూ వల్లించినవాళ్లమే. రోజూ వందసార్లు వాడే ‘నుంచి’ ఆ వరసలో లేనే లేదు! పైగా ఈ పద్యంలో ‘చతుర్థ జాతుడు’ విప్పడానికి కావలసింది ఆ ‘వలన’. నాలుగోదాని వలన పుట్టినవాడు. నాకు అడుగడుగునా పంచమే కనబడుతోంది, నిద్ర చాలక కాబోలు.

తెనాలి సభ్యురాలు: నిద్ర చాలకపోయినా మంచి మాటే అన్నావు. ‘నుండి’ కూడా ద్రుతం పక్కన ‘ఉండి’ చేరి పుట్టిన మాటే అంటారు. ఇంటన్ + ఉండి, ఇంట నుండి. కాబట్టి మాస్టారు పొరబడ్డారంటే ఆశ్చర్యం లేదు, భాషే ముందు ఆ దారిన పోయింది.

బెంగళూరు సభ్యుడు: సరే, ఒప్పుకున్నాను. మా ఇంట్లో ఇంకో పాఠం ‘తృతీయం బక్కడ నుంచి’ అని కూడా ఉంది. అది?

వరంగల్ సభ్యుడు: బచ్చట, బక్కడ, రెండూ గురువు, లఘువు, లఘువు. గణం చెడదు, ‘అక్కడన్ + ఉంచి’ అనుకుంటే అర్థమూ చెడదు. అది అలాగే ఉండనీయండి అన్నా.

మొదటి టపా రాసినవారు: అందరికీ కృతజ్ఞతలండీ. నోట్‌బుక్కులో ‘నొ’ కొట్టేసి ‘యొ’ రాశాను. పక్కన అర్థం రాసిన చోట ‘అక్కణ్ణుంచి’ అని నా దస్తూరీలోనే ఉంది, దాన్నీ కొట్టేశాను. వచ్చే శనివారం ఆ అమ్మాయే కథ పొడుస్తానంది. ఈసారి పద్యం కాదట, వాళ్ల అమ్మమ్మ చెప్పింది: ‘కిటకిట తలుపులు, కిటారు తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు.’ జవాబు తెలిసినవాళ్లు మైకు ఆపుకోండి.