స్లీవ్ అయి ఎనిమిది నెలలు: బరువు కదలడం లేదు, తిండి మీద పట్టు పోతోంది

వేకువ:

నమస్కారమండీ. నాకు బరువు తగ్గడానికి పొట్టలో చాలాభాగం తీసేసే స్లీవ్ ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైంది. ఆపరేషన్ నాడు 118 కిలోలు, ఇప్పుడు 86. మొదటి ఆరు నెలలు సోమవారం సోమవారం మెషీన్ ఎక్కితే ఎంతో కొంత తగ్గి కనిపించేది. ఇప్పుడు ఐదు వారాలుగా 86 దగ్గరే ఆగిపోయింది. ఒకరోజు 85.7, మర్నాడు 86.3, అంతే.

అదొక్కటే అయితే ఇంత బాధ లేదు. మొదట్లో నాకు ఆకలి అనేదే తెలియలేదు, అలారం పెట్టుకుని తినేదాన్ని. ఆరో నెల నుంచి మళ్లీ ఆకలేస్తోంది. మధ్యాహ్నం ఒక గుడ్డు, రెండు చెంచాల కూర తినేసరికి ఛాతీ కింద బిగపట్టినట్టు అవుతుంది. అదే సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి టీలో ముంచుకుని ఆరు బిస్కెట్లు తిన్నా ఏమీ అవదు. నిన్న ప్యాకెట్ ఖాళీ అయ్యాక గానీ చూసుకోలేదు. ఆపరేషన్‌కి ముందు నేను తినే పద్ధతి అచ్చం ఇదే. ఆ రోజులు మళ్లీ వచ్చేశాయేమోనని రాత్రంతా నిద్ర పట్టలేదు.

డాక్టరు రాసిన విటమిన్, ఐరన్, క్యాల్షియం మాత్రలు కూడా రెండు నెలలుగా వారంలో సగం రోజులే వేసుకుంటున్నాను. రివ్యూ తేదీ దాటి మూడు వారాలైంది. బరువు తగ్గలేదని డాక్టరు ముందు కూర్చుని ఎలా చెప్పాలో తెలియక వెళ్లలేదు. ఇంట్లోవాళ్లేమో "అంత పెద్ద ఆపరేషన్ చేయించుకుని కూడా నోరు కట్టుకోలేవా" అంటున్నారు.

ఈ దశ దాటినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. రోజూ ఏం తింటారు, ఎలా తింటారు? మొదటి నెలల్లో ఉన్న ఉత్సాహం పోయాక దేన్ని పట్టుకుని నిలబడ్డారు?

సగం పళ్లెం:

నాది గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే పొట్టని చిన్నది చేసి నేరుగా చిన్నపేగుకి కలిపే ఆపరేషన్, రెండేళ్లు దాటింది. ఏడో నెలలో నాకు బరువు ఏడు వారాలు ఆగిపోయింది. ఆ ఏడు వారాల్లో నేను చేసిన తప్పు, తిండి ఇంకా తగ్గించేయడం. కళ్లు తిరిగాయి, నీరసం వచ్చింది, మెషీన్ మీద అంకె మాత్రం కదల్లేదు. మళ్లీ సరిగ్గా తినడం మొదలుపెట్టిన పది రోజులకి కదిలింది. మీరు కూడా భయపడి కడుపు మాడ్చుకోకండి, అది చెప్దామనే రాస్తున్నాను.

బిస్కెట్ల విషయంలో మీకూ నాకూ తేడా ఉంది. బైపాస్‌లో తిండి త్వరగా చిన్నపేగులోకి దిగిపోతుంది కాబట్టి తీపి తింటే చాలామందికి డంపింగ్ వస్తుంది. నాకైతే అరగంట లోపే గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం. ఆ భయమే నన్ను ఆపుతుంది. స్లీవ్ వాళ్లలో అది అంతగా కనిపించదు, అందుకని తీపి దగ్గర మిమ్మల్ని ఆపేది ఏదీ ఉండదు. అది మీ బలహీనత అనుకోకండి.

కత్తెర టేపు:

వేకువ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాదీ స్లీవే, నాలుగున్నరేళ్లైంది. 124 నుంచి పదహారు నెలల్లో 82కి వచ్చాను. మూడో ఏడు 93కి పెరిగాను. ఇప్పుడు 86, అంటే మీరున్న చోటే ఉన్నాను. పెరిగిన సంగతి ముందే చెప్పేస్తున్నాను. తగ్గినవాళ్ల మాటలే వింటూ నేను ఒక్కదాన్నే చెడిపోయానని చాలాకాలం కుమిలిపోయాను, మీకు అలా జరగకూడదు.

ముందు ఆ బిస్కెట్ల సంగతి. గుడ్డు, చేప, చికెన్ లాంటివి గట్టిగా ఉంటాయి, ఆ సన్నటి గొట్టం లాంటి పొట్టలో కాసేపు నిలబడతాయి. అందుకే రెండు చెంచాలకే బిగుతు తెలుస్తుంది. టీలో నానిన బిస్కెట్ నోట్లోనే జావ అయిపోతుంది, పైనుంచి టీ దాన్ని కిందికి తోసేస్తుంది. పొట్టకి నిండే అవకాశమే ఉండదు. చిప్స్, ఐస్‌క్రీమ్, కేకు, అన్నీ ఇంతే. తినేటప్పుడు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగి తాగు అని డాక్టర్లు చెప్పేది ఇందుకే. మొదటి నెలల్లో నేనూ దాన్ని ఒక నియమంలాగే పాటించాను, కారణం అర్థమైంది మాత్రం మూడో ఏడే.

నేను మానుకున్నది బిస్కెట్‌ని కాదు, టీతో కలిపి తినడాన్ని. టీ తాగాలనిపిస్తే ఉత్త టీ. తినాలనిపిస్తే కూర్చుని, గిన్నెలో పెట్టుకుని, పొడిగా. పొడిగా తింటే ఒకటిన్నర బిస్కెట్ దగ్గరే చాలనిపించింది. మరి నాలుగైదు రోజులకి అసలు గిన్నెలో పెట్టుకునే ఓపికే లేకుండా పోయింది.

ఇంకోటి, మీ సాయంత్రం ఆకలి ఉత్తుత్తిది కాదు. మధ్యాహ్నం ఒక గుడ్డు, రెండు చెంచాల కూర అంటున్నారు. ఆ తర్వాత ఇంటికొచ్చేదాకా ఏమీ లేదు కదా? ఐదారు గంటలు ఖాళీ. ఇంటికొచ్చాక చేతికి ఏది మెత్తగా, తేలిగ్గా దొరికితే అది లోపలికి వెళ్తుంది. ఆఫీసులోంచి బయల్దేరే ముందే ఉడికించిన గుడ్డో, చిన్న డబ్బాలో గట్టి పెరుగో తినేయండి. నా విషయంలో సాయంత్రం గొడవ సగం దీంతోనే తీరింది.

తినే పద్ధతి అడిగారు. నా దగ్గర అరచేతిలో పట్టే గిన్నె ఒకటి, టీ చెంచా ఒకటి ఉన్నాయి. ముందు ప్రోటీన్, తర్వాత కూరగాయలు, చోటు మిగిలితే అన్నమో బ్రెడ్డో. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాక చెంచా కింద పెట్టేస్తాను. చేతిలో ఉంటే తెలియకుండానే రెండోది నింపేస్తాను. నోట్లోది పూర్తిగా మెత్తబడి మింగాకే మళ్లీ తీస్తాను. ఇరవై నిమిషాలకి ముందు లేవను, అరగంట దాటితే కూర్చోను. నా పొట్ట నిండిందని నాకు ముందు చెప్పేది ముక్కు. ఇక చాలు అనే చోట ముక్కు కారడం మొదలవుతుంది. కొందరికి ఎక్కిళ్లు వస్తాయట. మీకూ అలాంటి గుర్తు ఏదో ఉండే ఉంటుంది, నాలుగు రోజులు గమనించండి. ఆ గుర్తు వచ్చాక ఇంకో చెంచా తింటే అరగంట నరకం.

ఇప్పుడు మాత్రలు, రివ్యూ. ఇది మీరు తప్పకుండా వినాలి. మూడో ఏడు మా అమ్మకి జబ్బు చేసింది. ఏడు నెలలు ఆసుపత్రికీ ఇంటికీ మధ్యే తిరిగాను. కారిడార్‌లో కూర్చుని ఏది దొరికితే అది తిన్నాను, మాత్రలు మర్చిపోయాను, బరువు పెరుగుతోందని తెలిసి రివ్యూ ఎగ్గొట్టాను. ఒకసారి ఎగ్గొడితే రెండోసారి వెళ్లడానికి ఇంకా సిగ్గేస్తుంది. అలా ఏడాది గడిచిపోయింది. నేను బట్టలు కుడతాను. ఒకరోజు మిషన్ తొక్కుతుంటే కుడికాలి కింద పెడల్ ఉందో లేదో తెలియలేదు. వంగి చూస్తే కాలు పెడల్ మీదే ఉంది. అరికాలు దూది మీద పెట్టినట్టుంది. రక్తపరీక్షలో విటమిన్ బీ12 బాగా తక్కువని తేలింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ఆ తిమ్మిరి పూర్తిగా వదలడానికి ఐదు నెలలు పట్టింది. రోజూ వేసుకోవాల్సిన ఆ మాత్రలే వేసుకుని ఉంటే రాని బాధ అది.

ఆ రోజు డాక్టరు తిడతారేమోనని గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆయన బరువు రాసుకుని, "సరే, ఈ ఏడాది ఏం జరిగింది?" అని అడిగారు, అంతే. నాకు ఏడుపు ఆగలేదు. బరువు తగ్గుతున్నా రివ్యూ మానకూడదండీ, ఆగిపోయినప్పుడు మనకి అది ఇంకా కావాలి.

ఉత్సాహం గురించి. నాకది ఎప్పుడో పోయింది, తిరిగి వస్తుందని చూడటం కూడా మానేశాను. మిషన్ పక్కన ఒక నోట్‌బుక్ ఉంటుంది. రోజుకి మూడు గీతలు: ప్రోటీన్ తిన్నానా, నీళ్లు తాగానా, మాత్రలు వేసుకున్నానా. రెండు గీతలే పడిన రోజుని కూడా చింపకుండా ఉంచుతాను. మెషీన్ నెలకి రెండుసార్లే ఎక్కుతాను. టేపు ఎలాగూ ఎప్పుడూ మెడలోనే ఉంటుంది కాబట్టి నడుము కొలుచుకుంటాను. తొమ్మిదో నెలలో బరువు ఆరు వారాలు ఆగినప్పుడు నడుము ఒకటిన్నర అంగుళం తగ్గింది. మెషీన్ ఒక్కటే చూసుకుని ఉంటే ఆ ఆరు వారాలూ వృథా అనుకునేదాన్ని. నేల మీద పరుచుకుని బట్ట కత్తిరించాక చేయి ఆనించకుండా లేవగలుగుతున్నాను, ముందు గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఆ లేవడం ప్రతిరోజూ నాకు తెలుస్తుంది, దానికి ఏ మెషీనూ అక్కర్లేదు.

వంటింటి మనిషి:

ఆపరేషన్ నాకు కాదు, మా ఆవిడకి. ఇంట్లోవాళ్ల మాట ప్రస్తావించారు కాబట్టి రాస్తున్నాను. మొదటి ఏడాది నేనూ రెండు మాటలు అనేవాణ్ని. కొంచెం తింటే "ఇంతేనా?", ఇంకొంచెం తింటే "మళ్లీనా?" ఒకరోజు తను పళ్లెం తీసుకుని వేరే గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఆ తలుపు చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి పళ్లెం వైపు చూసి మాట్లాడటం మానేశాను. బిస్కెట్లు, చిప్స్ పిల్లల కోసం తెచ్చినా బల్ల మీద ఉంచం, పై అరలో పెడతాం. రాత్రి తిన్నాక ఇద్దరం నడుస్తాం. మీరు రాసింది ఇంట్లో ఒక్కసారి వాళ్లకి చదివి వినిపించండి. తెలియకే అంటారు చాలామంది, నాలాగే.

నలభై గ్రాములు:

నేను ఆసుపత్రిలో డైటీషియన్‌ని, ఈ ఆపరేషన్లు అయినవాళ్లని రోజూ చూస్తాను. వేకువ గారూ, ముందు ఒక లెక్క చూడండి. 118లో 32 కిలోలు అంటే 27 శాతం. స్లీవ్ తర్వాత ఏడాదికి మొత్తం బరువులో 25 నుంచి 30 శాతం దాకా తగ్గడం మామూలుగా చూస్తాం. ఎనిమిది నెలలకే మీరు ఆ గీత లోపలికి వచ్చేశారు. వేగం మొదటి ఆరు నెలలు ఎక్కువ, తర్వాత తగ్గుతుంది, ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య నిలకడకి వస్తుంది. 118 కిలోల శరీరానికి ఖర్చయినంత శక్తి 86 కిలోల శరీరానికి ఖర్చవదు, వేగం తగ్గడానికి అదొక పెద్ద కారణం.

ఆకలి తిరిగి రావడం కూడా తప్పేమీ కాదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పొట్ట పైభాగాన్నే స్లీవ్‌లో తీసేస్తారు, అందుకే మొదట్లో ఆకలి తెలియదు. కొన్ని నెలలకి కొంత ఆకలి రావడం చాలామందిలో ఉంటుంది.

ప్రోటీన్ రోజుకి కనీసం 60 గ్రాములు, చాలామందికి 60 నుంచి 80 చెప్తాం. గుడ్డుకి ఆరు గ్రాములే వస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి రోజుకి నలభై దాటుతోందని నాకు అనిపించడం లేదు. వండిన చికెన్ వంద గ్రాములకి పాతిక పైనే ఉంటుంది. ఒక్కసారి తినలేరు కాబట్టి రోజులో నాలుగైదు సార్లుగా పంచుకోండి. చాలకపోతే ప్రోటీన్ పౌడర్ వాడొచ్చు, ఎంత అనేది మీ టీమ్ చెప్తుంది. ప్రోటీన్ తక్కువైతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. నడకతో పాటు వారానికి రెండుమూడు రోజులు కొద్దిపాటి బరువులతోనో, కుర్చీలోంచి లేచి కూర్చుంటూనో కండకి పని చెప్పండి. నీళ్లు రోజు మొత్తం మీద లీటరున్నరకి తగ్గకుండా, గుక్క గుక్కగా.

క్యాల్షియం, ఐరన్ మాత్రలు రెండూ కలిపి వేసుకోకండి, మధ్యలో కనీసం రెండు గంటలు ఉండాలి. ఐరన్‌ని టీతో అసలు వేసుకోకండి, ఒంటికి పట్టదు. క్యాల్షియం సిట్రేట్ రూపంలో అయితే కడుపులో ఆమ్లం తక్కువున్నా ఇంకుతుంది, ఒక్కో విడతకి 500, 600 మిల్లీగ్రాములు మించకుండా. రివ్యూలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బీ12, ఫోలేట్, విటమిన్ డీ, క్యాల్షియం, థైరాయిడ్ చూడమని మీరే అడగండి.

ఒక జాగ్రత్త. తిన్నది రోజుల తరబడి వాంతి అవుతున్నా, నీళ్లు కూడా నిలవకపోయినా, నడక తూలినా, చూపు రెండుగా కనిపించినా రివ్యూ తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. థయమిన్ (విటమిన్ బీ1) లోపం అలా బయటపడుతుంది, ఆలస్యం చేస్తే నరాలకి, మెదడుకి నష్టం.

వేకువ:

అందరికీ చాలా థ్యాంక్సండీ. నిన్న రాత్రి మా వారికి ఇదంతా చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు, కానీ పొద్దున లేచేసరికి బిస్కెట్ల డబ్బా బల్ల మీద లేదు.

రివ్యూకి గురువారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఫోన్ చేసేటప్పుడు చేతులు వణికాయి. అవతలి అమ్మాయి మామూలుగా "పదిన్నరకి రండి, పరగడుపున రండి" అంది, అంతే.

ఈరోజు నాలుగున్నరకి ఆఫీసులోనే గుడ్డు తిన్నాను, చెంచా కింద పెడుతూ. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. నా గుర్తేమిటో కూడా తెలిసింది, ఒక పెద్ద నిట్టూర్పు వస్తుంది. ఇన్నాళ్లూ అది అలసట అనుకున్నాను. ఇంటికొచ్చి ఉత్త టీ తాగాను. బిస్కెట్ కావాలనిపించలేదని చెప్పను, అనిపించింది. కానీ ప్యాకెట్ దాకా వెళ్లలేదు.

ప్రోటీన్ లెక్క వేశాను, నిన్నటిది 38 గ్రాములు వచ్చింది. కత్తెర టేపు గారూ, నడుము ఎక్కడ కొలవాలో చెప్తారా? రెండుసార్లు కొలిస్తే రెండు రకాలుగా వచ్చింది.

కత్తెర టేపు:

పొద్దున్నే, ఏమీ తినకముందు, నిటారుగా నిలబడండి. చివరి పక్కటెముక ఎక్కడుందో, తుంటి ఎముక ఎక్కడ మొదలవుతుందో వేళ్లతో తడిమి చూసుకోండి, ఆ రెండింటికీ నడిమధ్య టేపు చుట్టండి. వెనకాల టేపు జారకుండా అద్దంలో చూసుకోండి. ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా, టేపు చర్మాన్ని నొక్కకుండా చదవండి. ప్రతిసారీ అదే చోటు. గురువారం వెళ్లే ముందు కొలిచి నోట్‌బుక్ మొదటి పేజీలో తేదీతో రాసుకోండి, ఆ 38 కూడా దాని పక్కనే రాయండి. రక్తపరీక్ష రిపోర్టు వచ్చాక బీ12 ఎంతుందో నాకూ చెప్పండి.