అప్‌డేట్: తమ్ముడికి మొదటి కారు తీసుకున్నాం

కొత్తగా లైసెన్సు వచ్చిన పంతొమ్మిదేళ్ల మా తమ్ముడికి 4 లక్షల రూపాయల లోపు ఏ కారు మంచిదని గత నెల నేను అడిగినప్పుడు, అప్పు చేసి కొత్తది కొనడం కంటే 2019 జూలై తరువాత తయారైన పాత కారు చూడమని మీలో ఎక్కువమంది సూచించారు. ఆ నెల 1వ తేదీ నుంచి డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయిందన్న సంగతి నాకు అంతవరకు తెలియదు.

వరంగల్‌లో మొదట చూసిన కారు మీటరుపై 32,000 కిలోమీటర్లే ఉన్నా, బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉండడంతో మా మెకానిక్‌కు అనుమానం వచ్చింది. సర్వీసు రికార్డు తెప్పించి చూస్తే ఏడాది క్రితమే అది 71,000 దాటింది. అంత నమ్మకంగా మాట్లాడిన అమ్మకందారు మీటరు తగ్గించి చూపడం నన్ను నిజంగా బాధించింది.

చివరకు ఒకే యజమాని వాడిన 2020 నాటి వ్యాగన్ ఆర్‌ను 3,85,000 రూపాయలకు తీసుకున్నాం. ఎత్తైన సీటు నుంచి రోడ్డు బాగా కనిపించడం కొత్తగా నడిపేవారికి ఎంత ధైర్యమిస్తుందో తమ్ముణ్ణి చూశాక అర్థమైంది. ఆర్‌సీ బదిలీకి 29, 30 నంబరు ఫారాలు ఇచ్చి, 14 రోజుల గడువులోపే బీమా కూడా మా పేరుకు మార్పించాం. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కారుతో పాటు రాదు, పాత యజమానికే చెందుతుంది కాబట్టి, ప్రీమియంలో ఆ తేడా మేమే కట్టవలసి వచ్చింది. టైర్లు మాత్రం వచ్చే నెల జీతం అందాక మారుస్తాం.