హోటల్ రుచి గ్వాకమోలేకు నిమ్మరసం అవసరమా?

డాలస్ వంటిల్లు:
పోయిన శనివారం ఇక్కడి ఒక మెక్సికన్ హోటల్లో రాతి కల్వాన్ని మా బల్ల దగ్గరికే తెచ్చి, కళ్లెదుటే గ్వాకమోలే, అంటే అవకాడో పచ్చడి, నూరి వడ్డించారు. అందులో నిమ్మకాయ పిండనే లేదు. నేను ఇంట్లో రెండు అవకాడోలకు ఒక నిండు నిమ్మకాయ పిండి, వెల్లుల్లి, టమాటా చేర్చి మిక్సీలో తిప్పుతాను. అది ఎన్నిసార్లు చేసినా పుల్లటి గుజ్జులాగే ఉంటుంది కానీ హోటల్లో తిన్న రుచి రావడం లేదు. నిమ్మరసం మానేయాలా, మిక్సీని మానేయాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రోలు పొత్రం:
రెండూ మానేయమంటాను, ముందుగా మిక్సీని. గ్వాకమోలే అన్న పేరు మెక్సికో మూలవాసుల నావాట్ల్ భాషలో అవకాడోకు, నూరిన పచ్చడి వంటి పదార్థానికి ఉన్న రెండు మాటలు కలిసి ఏర్పడింది కాబట్టి, దాన్ని అవకాడో రోటి పచ్చడి అనుకుంటే సగం పని అయినట్టే. మెక్సికోలో దాన్ని నూరే మూడు కాళ్ల నల్లరాతి కల్వాన్ని మోల్కహెతె అంటారు. బసాల్టు రాయి కనుక లోపలంతా సన్నని రంధ్రాలతో గరుకుగా ఉంటుంది.

మూడు అవకాడోలకు రెండు పెద్ద చెంచాల ఉల్లితరుగు, రెండు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొత్తిమీరలో సగం, అర చెంచా కల్లుప్పు ముందుగా కల్వంలో వేసి, ఉల్లి తన నీరు తాను వదిలి అంతా పచ్చటి ముద్దయ్యేదాకా నూరాలి. ఉప్పు గరుకు ఇక్కడ పనికొస్తుంది. మెత్తటి ఉప్పుతో ముక్కలు జారిపోతాయి. ఆ ముద్ద మీదకు అవకాడో ముక్కలు వేసి, నూరకుండా, గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ అక్కడక్కడ మాత్రమే చిదమాలి. మిగిలిన కొత్తిమీర, గింజలు తీసిన టమాటా ముక్కలు చివర్లో చేర్చాలి. కారం, ఉప్పు ఆ ముద్దలోనే ఉండి ప్రతి ముక్కకూ పట్టుకుంటాయి కాబట్టే హోటల్ రుచి వస్తుంది. మిక్సీ బ్లేడు తిరిగితే అవకాడోలోని కొవ్వు, గాలి కలిసిపోయి నురగ గుజ్జు మిగులుతుంది. అందులో నిమ్మకాయ కూడా పిండితే నాలుకకు తెలిసేది పులుపొక్కటే.

నిమ్మచెట్టు:
మిక్సీ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను కానీ, నిమ్మకాయను ఇంటి నుంచి గెంటేయడం అన్యాయం. మెక్సికన్ తరహా తిండి అమ్మే అమెరికా హోటళ్ల సంస్థ చిపోట్లే తానే బయటపెట్టిన వంటవిధానంలో రెండు హాస్ రకం అవకాడోలకు రెండు చిన్న చెంచాల నిమ్మరసం ఉంది. టమాటా, వెల్లుల్లి లేవు. అదీ హోటల్ గ్వాకమోలేనే కదా? పైగా మెక్సికన్లు లిమోన్ అనే చిన్న, పలుచటి తొక్క గల కాయ మన నిమ్మకాయ జాతిదే. అసలుతనమే కొలబద్ద అయితే, స్పెయిన్ వారి రాకకు ముందు మెక్సికోలో నిమ్మకాయ లేనట్టే కొత్తిమీర కూడా లేదు. ఇప్పుడు మనం వాడే పెద్ద ఉల్లిపాయా లేదు. రోలు పొత్రం గారు కొత్తిమీరకు గుప్పెడు చోటిచ్చి, నిమ్మకాయను మాత్రం పరాయిదనడానికి కారణం ఏమిటో చెప్పాలి.

రోలు పొత్రం:
పరాయిదని నేను అనలేదు, అయినా మీ చురక తగిలింది. నా అభ్యంతరం వేరు. చాలా ఇళ్లలో నిమ్మరసం రుచి కోసం కాక, రంగు మారుతుందన్న భయంతో పడుతుంది. కోసిన అవకాడోలోని ఎంజైము గాలి తగిలి గోధుమరంగు తెస్తుంది. పులుపు దాన్ని నెమ్మదింపజేస్తుంది గానీ ఆపలేదు. గిన్నెలో టెంక పెడితే నల్లబడదన్న నమ్మకమూ అంతే, టెంక కింద దాగిన చోటు తప్ప మిగతాదంతా నల్లబడుతుంది. పలుచటి ప్లాస్టిక్ పొరను గాలి చొరబడకుండా గుజ్జుకే అంటేలా అదిమితే అంతకంటే మేలు. చిపోట్లే వంటి చోట గంటల తరబడి నిలవ ఉంచాలి కనుక వాళ్లకు నిమ్మరసం అవసరం. బల్ల దగ్గర నూరి, ఐదు నిమిషాల్లో ఖాళీ అయ్యే గిన్నెకు ఆ అవసరం లేదు.

కొండాపూర్ అమ్మాయి:
మీరిద్దరూ హాస్ కాయను దృష్టిలో పెట్టుకునే వాదిస్తున్నారు. పండితే నల్లబడే గరుకు తొక్క, వెన్నలాంటి కండ దానివి. హైదరాబాద్‌లో మాకు తరచుగా దొరికేవి కొడగు, కొడైకెనాల్ వైపు నుంచి వచ్చే పెద్ద ఆకుపచ్చ కాయలు. వాటిలో నీరెక్కువ, కొవ్వు తక్కువ. నిమ్మరసం లేకపోతే అవి చప్పగా ఉంటాయి, ఎక్కువైతే పలచబడిపోతాయి. నేను అర చెంచాతో సరిపెట్టి టమాటా పూర్తిగా మానేస్తాను. కాయ పండిందో లేదో నొక్కి చూసి కమిలించడం కంటే, ముచ్చిక ఊడదీసి చూడడం నయం: కింద పచ్చగా ఉంటే కోయవచ్చు, గోధుమరంగు కనిపిస్తే లోపల మచ్చలు ఉన్నట్టే.

వెల్లుల్లి సంగతి ఎవరూ తేల్చలేదు. 2015లో న్యూయార్క్ టైమ్స్ పచ్చి బఠాణీలు వేసిన గ్వాకమోలేను సిఫారసు చేసినప్పుడు, అధ్యక్షుడు ఒబామా తనకు అది నచ్చదని, ఉల్లి, వెల్లుల్లి, మిరపకాయలే సంప్రదాయమని ట్విట్టర్‌లో రాశారు. ఆ మాట పట్టుకుని మా ఇంట్లో వెల్లుల్లి వేశాం. పచ్చి వెల్లుల్లి ఘాటు ముందు అవకాడో ఊసే తెలియలేదు.

డాలస్ వంటిల్లు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న ఒక మోల్కహెతె కొని తెచ్చాను. మా అత్తగారు దాన్ని చూడగానే, కొత్త రోలు కదా, తవుడు వేసి నూరనిదే వాడకూడదన్నారు. ఇక్కడ తవుడు దొరకక బియ్యం వేసి నూరాం. మొదటి మూడు వాయిలు బూడిదరంగులో వచ్చాయి, ఐదో వాయికి పిండి తెల్లబడింది. మెక్సికన్లూ బియ్యంతోనే ఇలా చేస్తారని అంగడి ఆమె చెప్పింది. ఎన్ని వాయిలు నూరినా బూడిదరంగు పోకపోతే అది రాయి కాక సిమెంటు కావచ్చని కూడా హెచ్చరించింది.

తర్వాత రోలు పొత్రం గారి వరుసలోనే నూరి, రెండు గిన్నెలుగా విడదీసి, ఒకదానిలో మాత్రం చెంచాడు నిమ్మరసం కలిపాను. నిమ్మరసం లేనిది ముందు ఖాళీ అయింది. రెండో గిన్నెలో మిగిలినదాన్ని మా అత్తగారు ఉదయం పెసరట్టులో నంజుకుని, దీనికి నిమ్మకాయ ఉండాల్సిందేనన్నారు. నిమ్మచెట్టు గారికి ఒక ఓటు వచ్చినట్టే, అది గ్వాకమోలేకా పెసరట్టుకా అన్నది మాత్రం నేను తేల్చలేను.

నిమ్మచెట్టు:
ఓటు ఓటే. పెసరట్టులో అల్లం ఉందా లేదా అన్నది మాత్రం చెప్పండి.