వూకామర్స్ వదిలి షాపిఫైకి వెళ్లాలా? ఒక్కో పీసే ఉండే చేనేత చీరల కొట్టు

చీరలపెట్టె:
మాది వూకామర్స్ సైట్ (వర్డ్‌ప్రెస్ మీద మనమే నడుపుకునే ఆన్‌లైన్ కొట్టు). మంగళగిరి, గద్వాల, పోచంపల్లి చీరలు కలిపి అందులో 900 దాకా ఉన్నాయి. ప్రతిదీ ఒక్కటే పీసు. నెలకు 5 లక్షల అమ్మకం. అందులో 3 లక్షలు ముందే డబ్బు కట్టేవాళ్లవి, మిగతాది క్యాష్ ఆన్ డెలివరీ. శ్రావణం రద్దీలో చెకౌట్ పేజీ తిరుగుతూనే ఉంటోంది. షాపిఫైకి (నెల అద్దె కడితే సర్వర్ వాళ్లే చూసుకునే సేవ) మారమని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. మారితే పాతదీ కొత్తదీ ఒక నెల పక్కపక్కన నడిపి చూడొచ్చా?

సర్వర్‌గది:
మారక్కర్లేదండీ. చీర పేజీలు అందరికీ ఒకేలా ఉంటాయి కాబట్టి క్యాష్ (cache, అంటే ముందే తయారుచేసి దాచుకున్న కాపీ; డబ్బు కాదు) నుంచి వెళ్లిపోతాయి. బుట్ట, చెకౌట్ ఎవరివి వాళ్లవే. వాటిని క్యాష్‌లో పెట్టలేం, ప్రతి నొక్కుకూ పీహెచ్‌పీ (పేజీని అప్పటికప్పుడు తయారుచేసే ప్రోగ్రామ్), డేటాబేస్ పని చేయాల్సిందే. షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది) ఆ పని చేసే పీహెచ్‌పీ వర్కర్లు కొన్నే ఇస్తారు. అవి నిండితే తర్వాత వచ్చినవాళ్లు వరుసలో ఆగిపోతారు. మంచి వీపీఎస్ (మీకంటూ విడిగా కేటాయించిన సర్వర్ భాగం) తీసుకుని, రెడిస్ ఆబ్జెక్ట్ క్యాష్ (డేటాబేస్ జవాబులను మెమరీలో దాచేది) పెట్టి, అక్కర్లేని పేజీల్లో కార్ట్ ఫ్రాగ్మెంట్స్ (బుట్ట లెక్కను మాటిమాటికీ సర్వర్‌ని అడిగే స్క్రిప్ట్) ఆపండి.

ఇంకోటి ఈరోజే చేయొచ్చు. ఇన్వెంటరీ సెట్టింగ్స్‌లో హోల్డ్ స్టాక్ మామూలుగా 60 నిమిషాలు ఉంటుంది. ఎవరైనా యూపీఐ పేజీ దాకా వెళ్లి డబ్బు కట్టకుండా వెనక్కి వస్తే, ఉన్న ఒక్క చీరా గంటసేపు అమ్ముడైపోయినట్టు కనిపిస్తుంది. దాన్ని 15 చేయండి.

లెక్కలపద్దు:
ఖర్చు సంగతి. షాపిఫై సొంత పేమెంట్స్ మన దేశంలో లేవు. రేజర్‌పే లాంటి బయటి గేట్‌వే (ఆన్‌లైన్ డబ్బు వసూలు చేసిపెట్టే సంస్థ) పెట్టుకోవాలి. బేసిక్ ప్లాన్‌లో గేట్‌వే రుసుము కాక, షాపిఫై ఇంకో 2 శాతం తీసుకుంటుంది. క్యాష్ ఆన్ డెలివరీకి అది పడదు. కాబట్టి మీ లెక్క 3 లక్షల మీదే: నెలకు 6,000, ఏడాదికి 72,000. ప్లాన్ అద్దె వేరు. గేట్‌వే రుసుము రెండు వైపులా ఉండేదే, పోలికలోకి తేకండి.

దారిమళ్లింపు:
సర్వర్‌గది గారు చెప్పిన వీపీఎస్‌ను చూసుకునేది ఎవరు? పీహెచ్‌పీ, ప్లగిన్ల అప్‌డేట్లు, బ్యాకప్‌లు, వరలక్ష్మీ వ్రతం ముందు రాత్రి తొమ్మిదింటికి సైట్ ఆగితే లేపడం... ఆ మనిషి జీతం ఆ లెక్కలో లేదు. అలాంటి మనిషి ఉంటే వూకామర్స్‌లోనే ఉండండి. లేకపోతే నెలకు ఆరు వేలు ఎక్కువేం కాదు, మారండి.

కానీ పక్కపక్కన మాత్రం నడపకండి. ఒక్కో డిజైన్ యాభై పీసులుండే కొట్టుకు అది చెల్లుతుంది. మీ దగ్గర ఒకే గద్వాల చీర రెండు సైట్లలో ఒకే సాయంత్రం అమ్ముడుపోతే ఒకరికి డబ్బు వాపసు ఇవ్వాల్సిందే. స్టాక్ కలిపే యాప్‌లు ఉన్నా కబురు చేరడానికి కొంత సమయం పడుతుంది. ఉన్నది ఒక్క పీసే అయినప్పుడు ఆ కొంత సమయమే ముంచుతుంది.

అసలు చిక్కు లింకుల్లో ఉంది. వూకామర్స్‌లో చీర చిరునామాకు ముందు ‘ప్రొడక్ట్’ ఉంటే, షాపిఫైలో చివర ఎస్ చేరి ‘ప్రొడక్ట్స్’ అవుతుంది, మార్చుకోలేం. ప్రతి పాత లింకుకూ 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపేది) పెట్టాలి. పాత లింకు, కొత్త లింకు అని రెండు గడుల సీఎస్‌వీతో (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) అన్నీ ఒకేసారి ఎక్కించొచ్చు. అయితే ‘షాప్’, ‘కార్ట్’, ‘ఆర్డర్స్’ అని మొదలయ్యే దారులకు షాపిఫై రీడైరెక్ట్ ఒప్పుకోదు. మీ పర్మాలింక్ (పేజీ చిరునామా తీరు) ‘షాప్ బేస్’లో, అంటే ‘షాప్’తో మొదలయ్యేలా ఉంటే 900 లింకులూ చచ్చినట్టే. ముందు పాత సైట్‌లోనే బేస్‌ను ‘ప్రొడక్ట్’కి మార్చి, అక్కడే 301 పెట్టి, గూగుల్ కొత్త లింకులు పట్టుకునేదాకా రెండు మూడు నెలలు ఆగండి. అమ్ముడైపోయిన చీరల పేజీలను హోమ్ పేజీకి తోలకండి, గూగుల్ వాటిని లేని పేజీలుగానే లెక్కేస్తుంది. ఆ రకం చీరల కలెక్షన్‌కి పంపండి.

సర్వర్‌గది:
లింకుల జాబితా చీరల పేర్ల నుంచి తయారుచేయకండి. పేరు తెలుగులో పెట్టి ఉంటే చిరునామాలో ఒక్కో గుర్తూ (గుణింతం, పొల్లు కూడా విడిగా) తొమ్మిది అక్షరాలవుతుంది. వర్డ్‌ప్రెస్ 200 దగ్గర కోసేస్తుంది, అంటే సుమారు 22 గుర్తులు. ‘మంగళగిరి నిజాం బోర్డర్ పట్టు చీర’ సగంలో తెగుతుంది. సైట్‌మ్యాప్ (సైట్‌లోని లింకులన్నీ ఉండే ఫైలు) నుంచే తీయండి.

సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి అలాగే సేవ్ చేయొద్దు. తెలుగు ప్రశ్నార్థకాలైపోతుంది, చీర కోడ్ ముందున్న సున్నాలు రాలిపోతాయి, 890తో మొదలయ్యే బార్‌కోడ్ 8.9E+12 అవుతుంది. గూగుల్ షీట్స్‌లో, అంకెలను మార్చొద్దని చెప్పి దిగుమతి చేసుకోండి.

బిల్లుపుస్తకం:
జీఎస్టీ నియమం 46 ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు. అక్షరాలు, అంకెలు, అడ్డగీత, ఏటవాలు గీత తప్ప వేరే గుర్తు పనికిరాదు. షాపిఫై ఆర్డర్ ముందు హ్యాష్ గుర్తుతో #1001 అని మొదలవుతుంది. దాన్నే బిల్లు నంబరుగా వాడితే తప్పు. సెట్టింగ్స్‌లో హ్యాష్ తీసేసి కొత్త సిరీస్ పేరు పెట్టండి. ఏడాది మధ్యలో రెండో సిరీస్ పెట్టుకోవడానికి అభ్యంతరం లేదు.

చీరలపెట్టె:
ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కదా, అప్పుడు మారితే?

లెక్కలపద్దు:
పెళ్లిళ్లు ఉండవు, తగ్గింపులుంటాయి. చీరల కొట్టుకు అదే పెద్ద గిరాకీ, వెంటనే శ్రావణం. సంక్రాంతి దాటాక, మాఘం రాకముందు చూడండి. ఆ సందు ఒక్కో ఏడాది మూడు వారాలుంటుంది, ఒక్కో ఏడాది నాలుగు రోజులే. పంచాంగం చూసి తేదీ పెట్టండి.

దారిమళ్లింపు:
ఆ తేదీకి రెండు రోజుల ముందే డీఎన్ఎస్‌లో (సైట్ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే పట్టిక) టీటీఎల్, అంటే పాత జవాబును గుర్తుంచుకునే సమయం, 300 సెకన్లకు తగ్గించండి. రాత్రి పాత సైట్‌లో ఆర్డర్లు ఆపి, చివరి స్టాక్ ఎక్కించాకే ‘A’ రికార్డును (సైట్ పేరును సర్వర్ అంకెల చిరునామాకు కలిపేది) షాపిఫై చిరునామా 23.227.38.65కి మార్చండి. ఎంఎక్స్ రికార్డులు ముట్టుకోకండి, ముట్టుకుంటే కొట్టు ఈమెయిల్ ఆగిపోతుంది. సీఎస్‌వీ ఫొటోలను పాత సర్వర్ నుంచే లాక్కుంటుంది కాబట్టి, అవన్నీ వచ్చాయని చూసుకోకుండా పాత హోస్టింగ్ రద్దు చేయకండి. కస్టమర్ల పాస్‌వర్డ్‌లు రావు. ఈమెయిల్‌కి వచ్చే కోడ్‌తో లాగిన్ కావాలని ముందే కబురు పెట్టండి.

బిల్లుపుస్తకం:
పాత ఆర్డర్లకు డబ్బు వాపసు షాపిఫై నుంచి కుదరదు, ఆ చెల్లింపుల జాడ అక్కడ ఉండదు. గేట్‌వే డాష్‌బోర్డ్ నుంచే చేయాలి. మారిన రోజు వెనక్కి రావాల్సిన చీరలు ఎన్ని ఉన్నాయో, వాటి పేమెంట్ ఐడీలతో సహా ముందే ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి.