సాయంత్రమైతే కాళ్ళు లాగేస్తున్నాయి, పడుకోనివ్వవు: ఆర్‌ఎల్‌ఎస్‌కు ముందు ఏం చెయ్యాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అమ్మకు 56 ఏళ్ళు. దీపాలవేళ దాటితే చాలు, పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు ఉంటుందంటుంది. లేచి వరండాలో నాలుగడుగులు వేస్తే పోతుంది, మంచమెక్కితే మళ్ళీ మొదలు. తెల్లవారుజామున గానీ కునుకు పట్టదు. షుగర్ లేదు, కాళ్ళ వాపు లేదు. కాల్షియం, బీ12 వాడినా మార్పు లేదు. డాక్టరుగారు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ (ఆర్‌ఎల్‌ఎస్) అని చెప్పి ప్రమిపెక్సోల్ 0.125 రాశారు, ఇంకా మొదలుపెట్టలేదు. హిమోగ్లోబిన్ 12.1, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) 24. రిపోర్టులో రెండూ నార్మల్ అనే ఉంది. ఇప్పుడు వేసుకునేవి: పొద్దున గ్యాస్ క్యాప్సూల్, రాత్రి నరాల బిళ్ళ, క్లోనజెపామ్ 0.5, దురద వస్తే అవిల్. ప్రమిపెక్సోల్ మొదలుపెట్టొచ్చా? ఇంకేమైనా ముందు చూసుకోవాలా?

నాగావళి (రాయగడ):
మీరు రాసిన లక్షణాలు ఆర్‌ఎల్‌ఎస్‌కు సరిపోతున్నాయి. కాళ్ళు కదపాలనే ఆపుకోలేని తపన ఉండాలి, కూర్చున్నా పడుకున్నా అది పెరగాలి, కదిలితే తగ్గాలి, సాయంత్రం రాత్రి వేళల్లో ఎక్కువ కావాలి, ఇవన్నీ మరో జబ్బు వల్ల వచ్చినవి కాకూడదు. పిక్క గట్టిగా ముడిపడి నొప్పి పుడితే అది కండరం పట్టేయడం. అరికాళ్ళు పగలూ రాత్రీ ఒకేలా మండుతూ మొద్దుబారి ఉంటే నరాల జబ్బు, షుగర్ వాళ్ళలో ఎక్కువ.

ప్రమిపెక్సోల్ కంటే ముందు ఆ ఫెర్రిటిన్ సంగతి చూడండి. ల్యాబు కాగితం మీద 24 నార్మలే. ఆర్‌ఎల్‌ఎస్ ఉన్నవాళ్ళకు లెక్క వేరు. 75 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే, లేదా ట్రాన్స్‌ఫెర్రిన్ సాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండిందో చెప్పే అంకె) 20 శాతం కన్నా తక్కువ ఉంటే ఐరన్ ఇవ్వాలని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. 75 నుంచి 100 మధ్య ఉంటే బిళ్ళలతో పెద్దగా లాభం ఉండదు, ఇంజెక్షన్ ఐరనే ఆలోచిస్తారు. హిమోగ్లోబిన్ బాగుందంటే రక్తానికి సరిపడా ఐరన్ ఉందని మాత్రమే అర్థం. ఈ జబ్బులో కొరత మెదడులో ఉంటుంది, దానివల్లే కదలికలను నడిపే డోపమిన్ అనే మెదడు రసాయనం వ్యవస్థ తడబడుతుంది. అందుకే రక్తహీనత లేనివాళ్ళకూ ఐరన్‌తో గుణం కనిపిస్తుంది.

పరీక్ష మళ్ళీ చేయించండి: ఫెర్రిటిన్, సీరం ఐరన్, టీఐబీసీ (రక్తం ఎంత ఐరన్ మోయగలదో చెప్పేది), సాచురేషన్, వాటితోపాటు సీఆర్‌పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగేది), కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. రక్తం పొద్దున్నే పరగడుపున ఇవ్వాలి, ముందు రోజంతా ఐరన్ బిళ్ళ వేసుకోకూడదు. జ్వరంలో చేయించొద్దు. మలేరియా వచ్చినా, మరే ఇన్ఫెక్షన్ వచ్చినా ఫెర్రిటిన్ లేనిపోని ఎత్తుకు పోతుంది. మన కొండ మండలాల్లో ఫెర్రిటిన్ 150 చూసి ఐరన్ దండిగా ఉందనుకునే పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. సీఆర్‌పీ కూడా పెరిగి ఉంటే ఆ ఫెర్రిటిన్ అంకెను నమ్మకండి, సాచురేషన్ చూడండి.

ఐరన్ ఎందుకు తగ్గిందో కూడా తేల్చాలి. నెలసరి ఆగిపోయిన వయసులో ఐరన్ తక్కువైతే లోపల ఎక్కడో రక్తం పోతోందేమో వెతకడం తప్పనిసరి: మొలలు, నొప్పి బిళ్ళల వల్ల కడుపులో పుండు, పేగు జబ్బు. చెప్పుల్లేకుండా పొలం పని చేసేవాళ్ళయితే కొంకిపురుగులు కూడా. మల పరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ చేయిస్తారు.

గుణుపురం_మందులు:
పెద్ద మందు మొదలుపెట్టే ముందు ఇంట్లో ఉన్న స్ట్రిప్‌లన్నీ తిరగేసి వెనక సన్నక్షరాల్లో ఉన్న అసలు మందు పేర్లు చదవండి. కొత్త మందు వెయ్యకుండానే కొందరికి బాధ ఇక్కడే తగ్గుతుంది.

గ్యాస్ క్యాప్సూల్‌లో రాబెప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ 75 ఉందేమో చూడండి. లెవోసల్పిరైడ్ డోపమిన్‌కు అడ్డుపడుతుంది, ఆర్‌ఎల్‌ఎస్‌ను రేపుతుంది. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్ కూడా అంతే. తప్పనిసరైతే డోంపెరిడోన్ గానీ ఆన్‌డాన్‌సెట్రాన్ గానీ అడగండి. డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా చేరదు. ఇక రాబెప్రజోల్, పాంటోప్రజోల్ ఏళ్ళ తరబడి వాడితే కడుపులో ఆమ్లం తగ్గి బిళ్ళల ఐరన్ సరిగా ఒంటబట్టదు. అసలు ఆ గ్యాస్ బిళ్ళ ఇంకా అవసరమా అని డాక్టరుగారిని అడగాలి.

నరాల బిళ్ళ పేరు చివర ఎన్‌టీ అని ఉంటే అందులో ప్రీగాబాలిన్ గానీ గాబాపెంటిన్ గానీ ఉండి, దానికి తోడు నార్‌ట్రిప్టిలిన్ 10 కలిసి ఉంటుంది. మొదటిది ఈ జబ్బుకు మంచి మందు. రెండోది దీన్ని పెంచగల మందు. ఒకే బిళ్ళలో రెండూ! విడి ప్రీగాబాలిన్‌గా మార్చి రాయమనండి. అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్, ఎసిటలోప్రామ్ లాంటి దిగులు మందులు, మెలిట్రాసెన్ కలిసిన ఆందోళన బిళ్ళలు కూడా అనుమానించదగ్గవే. అయితే వీటిని మీ అంతట మీరు ఆపకండి, రాసినవాళ్ళతో మాట్లాడి నెమ్మదిగా మార్చాలి.

అవిల్ మానేయండి. అది, క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న జలుబు బిళ్ళలు, ప్రోమెథజైన్ ఆర్‌ఎల్‌ఎస్‌ను పెంచుతాయి. నిద్ర వస్తుందని రాత్రి అవే మింగి, అవే కాళ్ళను రేపుతుంటే తెల్లవార్లూ తిరిగేవాళ్ళు ఎందరో. దురదకు ఫెక్సోఫెనడిన్ వాడుకోవచ్చు. తల తిరుగుడుకిచ్చే సిన్నరిజిన్ ఇంట్లో ఉంటే అదీ అడగాల్సిన జాబితాలో రాసుకోండి.

క్లోనజెపామ్ నిద్ర పట్టిస్తుందే గానీ కాళ్ళ బాధను తీర్చదు. వయసు పైబడ్డవాళ్ళు రాత్రి లేచి తూలి పడతారు. ఆపేటప్పుడు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు.

మహేంద్రతనయ:
ధన్యవాదాలు అందరికీ. చూశాను, గ్యాస్ క్యాప్సూల్‌లో లెవోసల్పిరైడ్ ఉంది, నరాల బిళ్ళ ఎన్‌టీయే. మళ్ళీ చేయించిన పరీక్షలో ఫెర్రిటిన్ 21, సాచురేషన్ 13 శాతం, సీఆర్‌పీ, క్రియాటినిన్ నార్మల్. ఐరన్ బిళ్ళ వేసుకుంటే కడుపులో మంట, మలబద్ధకం అంటోంది. ఎలా వేసుకోవాలి? ఇంజెక్షన్ అయితే ఏది?

నాగావళి:
ఆస్పత్రిలో ఇచ్చే ఎర్ర బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది, అది చాలు. రోజు విడిచి రోజు ఒకటి. రోజూ వేస్తే కాలేయం నుంచి హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి మరుసటి రోజు ఐరన్‌ను లోపలికి రానివ్వదు, కడుపు బాధ మాత్రం మిగులుతుంది. భోజనానికి గంట ముందో రెండు గంటల తర్వాతో, నిమ్మరసం నీళ్ళతో వేసుకోవాలి. టీ, పాలు, కాల్షియం బిళ్ళ, చోడి (రాగి) అంబలి దానికి రెండు గంటల అటూఇటూ వద్దు. చోళ్ళు బలమైన తిండే, కానీ అందులోని కాల్షియం, ఫైటేట్లు బిళ్ళలోని ఐరన్‌ను పట్టేస్తాయి. అందుకే అంబలి పొద్దున, బిళ్ళ రాత్రి పడుకునే ముందు పెట్టుకోండి. మూడు నెలలకు ఫెర్రిటిన్ మళ్ళీ చూడాలి.

బిళ్ళ పడకపోయినా, మూడు నెలలకు అంకె కదలకపోయినా ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఇంజెక్షన్. ఆర్‌ఎల్‌ఎస్‌లో ఐరన్ ఇంజెక్షన్లలో బలమైన ఆధారాలున్నది దీనికే. బరువు 50 కిలోలు దాటినవాళ్ళకు 1000 మిల్లీగ్రాములు ఒకేసారి, నార్మల్ సెలైన్‌లో కలిపి కనీసం 15 నిమిషాల పాటు ఎక్కించాలి. 250 మిల్లీలీటర్లకు మించిన సెలైన్‌లో కలపకూడదు. తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టాలి, అలర్జీ వస్తే ఇవ్వాల్సిన మందులు పక్కనే ఉండాలి. సూది నరం బయటికి జారితే చర్మం మీద గోధుమరంగు మచ్చ ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. మంట పుట్టగానే చెప్పమని అమ్మగారికి ముందే చెప్పండి. గుణం మరుసటి రోజే కనిపించదు, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, కొందరికి మూడు నెలలు.

చాలా ఆస్పత్రుల్లో దొరికే ఐరన్ సుక్రోజ్ చవక. ఒక్కో దఫా 200 మిల్లీగ్రాములకు మించి ఇవ్వరు కాబట్టి ఐదారుసార్లు తిరగాలి, పైగా కిడ్నీ జబ్బు లేనివాళ్ళ ఆర్‌ఎల్‌ఎస్‌లో అది అంత బలంగా పనిచేసినట్టు తేలలేదు.

జైపూర్_ల్యాబ్:
ఐరన్ గురించి ఒక జాగ్రత్త. కొరాపుట్, రాయగడ, మల్కనగిరి, అటు గడ్చిరోలి, చంద్రపూర్ ప్రాంతాల్లో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య రక్త జబ్బు) ఎక్కువ. సికిల్ జబ్బుతో తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్ళకు ఐరన్ ఒంట్లో పేరుకుపోయి ఉంటుంది. వాళ్ళకు పరీక్ష లేకుండా ఐరన్ ఇవ్వడం ప్రమాదం. జబ్బు లేకుండా ఒక్క జన్యువే ఉన్నవాళ్ళకు ఫెర్రిటిన్ తక్కువ ఉంటే ఐరన్ ఇవ్వొచ్చు. హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ ఒక్కసారి చేయిస్తే సికిల్, బీటా తలసీమియా రెండూ తెలుస్తాయి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద పరీక్ష చేయించుకున్నవాళ్ళ దగ్గర కార్డు ఉంటుంది, అది డాక్టరుకు చూపించండి. తలసీమియా ఒక్క జన్యువు ఉన్నవాళ్ళలో ఎర్రకణాలు చిన్నవిగా కనిపిస్తాయి, కణాల సైజు చెప్పే ఎంసీవీ ఒక్కటే చూసి ఐరన్ రాసేయకూడదు.

వంశధార:
ఇచ్ఛాపురం, సోంపేట, పలాస లాంటి కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న వైపు చదువరుల కోసం: డయాలసిస్‌లో ఉన్నవాళ్ళలో ఆర్‌ఎల్‌ఎస్ మామూలువాళ్ళ కంటే చాలా ఎక్కువ. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాల్సి రావడంతో మధ్యలో లేచిపోతానంటారు, డయాలసిస్ పూర్తి కాకుండానే ఆపేస్తారు. అది ప్రాణానికే చేటు. సిస్టర్‌కు ముందే చెప్పి మంచం మీదే కాళ్ళు ఆడించే వీలు అడగండి. వాళ్ళకు గాబాపెంటిన్ డయాలసిస్ అయ్యాక 100 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, సాధారణంగా 300 దాటనివ్వరు. కిడ్నీల గుండానే బయటికి పోవాల్సిన మందు అది. మామూలు మోతాదు ఇస్తే పేరుకుపోయి మత్తు, తూలడం, చేతులు ఉలిక్కిపడటం మొదలవుతాయి. ఫెర్రిటిన్ 200 లోపు, సాచురేషన్ 20 శాతం లోపు ఉంటే వీళ్ళకు ఐరన్ సుక్రోజ్ పనికొస్తుంది. కిడ్నీ మార్పిడి తర్వాత చాలామందికి కాళ్ళ బాధ తగ్గిపోతుంది.

మహేంద్రతనయ:
ఇంజెక్షన్‌కే డాక్టరుగారు ఒప్పుకున్నారు. అది పనిచేసేదాకా రాత్రిళ్ళు ఎలా గడపాలి? ప్రమిపెక్సోల్ ఇప్పుడు తాత్కాలికంగా వాడితే తప్పా?

గుణుపురం_మందులు:
ప్రమిపెక్సోల్, రోపినిరోల్, లెవోడోపా మొదటి వారంలో అద్భుతంగా పనిచేస్తాయి, చిక్కంతా అక్కడే. నెలలు, ఏళ్ళు గడిచేకొద్దీ మందే జబ్బును పెంచడం మొదలుపెడుతుంది. రాత్రి పదికి వచ్చే బాధ సాయంత్రం ఆరుకు, తర్వాత మధ్యాహ్నానికి వస్తుంది, చేతులకూ పాకుతుంది. డోసు పెంచితే కొన్నాళ్ళు తగ్గి, ఇంకా ఎక్కువై తిరిగొస్తుంది. దీన్ని ఆగ్మెంటేషన్ అంటారు. కొందరిలో జూదం, విపరీతంగా కొనుగోళ్ళు లాంటి అదుపు లేని అలవాట్లు కూడా పుడతాయి. అందుకే అమెరికా నిద్రవైద్యుల సంస్థ 2025లో ప్రచురించిన మార్గదర్శకాల్లో వీటిని మామూలుగా వాడవద్దంది. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, ఐరన్ ఇంజెక్షన్‌లను ముందుకు తెచ్చింది. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు చటుక్కున ఆపొద్దు. ముందు గాబాపెంటిన్ లాంటిది నిలదొక్కుకున్నాక, డాక్టరు చెప్పినట్టు 0.125 చొప్పున తగ్గించుకుంటూ రావాలి.

అమ్మగారి నరాల బిళ్ళలో ప్రీగాబాలిన్ ఉంటే విడిగా 75 మిల్లీగ్రాములు, బాధ మొదలయ్యే వేళకు గంటో రెండు గంటలో ముందు వేయించండి. ఇప్పుడు పడుకునేటప్పుడు వేస్తున్నట్టున్నారు, అది ఆలస్యం. గాబాపెంటిన్ అయితే 300తో మొదలై వారానికోసారి పెంచుతారు, చాలామందికి 900 నుంచి 1800 మధ్య కుదురుతుంది. ఒకేసారి 600 దాటి వేస్తే పేగు పూర్తిగా పీల్చుకోలేదు, అందుకని సాయంత్రం ఒకటి, పడుకునేముందు ఒకటిగా విడదీస్తారు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్ తాగితే రెండు గంటలు ఆగి వెయ్యాలి. తల తిరగడం, మత్తు, పాదాల వాపు, బరువు పెరగడం గమనించండి. క్లోనజెపామ్‌తోనూ మద్యంతోనూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది, ఆయాసం జబ్బు ఉన్నవాళ్ళకు మరీ.

నొప్పికని ట్రమడాల్ కొనివ్వకండి. అది మొదట హాయిగా అనిపించినా, దానితోనూ ఆగ్మెంటేషన్ వచ్చినట్టు నమోదైంది.

నాగావళి:
రాత్రికి: మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ వద్దు. ఇంట్లో జీలుగు కల్లు, సారా అలవాటున్నవాళ్ళు ఉంటే వాళ్ళకు కూడా చెప్పండి, మద్యం ఈ జబ్బును ఎగదోస్తుంది. సాయంత్రం అరగంట నడక మంచిదే, పొద్దుపోయాక బరువు పనులు వద్దు. బాధ మొదలవగానే పిక్కలు గట్టిగా పిసకడం, గోరువెచ్చని నీళ్ళు పోయడం, కొందరికి తడిగుడ్డ చుట్టడం పనిచేస్తాయి. చేతులూ బుర్రా నిమగ్నమయ్యే పని, పూలు కట్టడం లాంటిది, పెట్టుకుంటే కూర్చోగలుగుతారు. ఊరికే టీవీ ముందు కూర్చోబెడితే బాధ ఎక్కువవుతుంది. శ్రీకాకుళానికో విశాఖకో బస్సులో పోవాల్సి వస్తే పొద్దుటి బస్సు ఎక్కించండి, నడవా పక్క సీటు తీసుకోండి.

ఇంజెక్షన్ అయ్యాక రెండు మూడు వారాలకు కొత్తగా నీరసం, ఎముకల నొప్పి వస్తే ఐరన్ పనిచెయ్యలేదనుకోకండి, సీరం ఫాస్ఫరస్ చూపించండి. కార్బాక్సీమాల్టోజ్ వల్ల అది పడిపోవడం మామూలే, రెండో డోసు ఇచ్చే ముందు తప్పక చూడాలి. ఫెర్రిటిన్ మాత్రం ఎనిమిది వారాల లోపు చేయిస్తే అబద్ధపు ఎత్తు చూపిస్తుంది, డబ్బు దండగ.