అమెరికాలో నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమానికీ అక్కడికి మన వలసకూ ఉన్న సంబంధం గురించి ఎక్కడ చదవాలి?

మా పెదనాన్న గుంటూరులో వైద్యవిద్య ముగించి 1969లో అమెరికా వెళ్లారు. చదువే తనను అక్కడికి చేర్చిందని ఆయన నమ్మకం. కానీ 1946 నాటి అమెరికా చట్టం ప్రకారం భారతీయులకు దక్కిన వలస కోటా ఏడాదికి 100 మాత్రమే. పుట్టిన దేశాన్ని బట్టి మనిషిని తూచే ఆ పద్ధతిని రద్దుచేస్తూ అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టింది 1965 అక్టోబరు 3న. నల్లజాతివారి ఓటుకు రక్షణనిచ్చిన ఓటుహక్కు చట్టం వచ్చి అప్పటికి రెండు నెలలే. ఆ ఓటుహక్కు కోసం ఊరేగుతూ అలబామా రాష్ట్రంలోని సెల్మా వంతెనపై పోలీసుల దెబ్బలు తిన్న నల్లజాతివారు మా ఇంటి తలుపు కూడా తెరిచారని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆ రుణాన్ని మన ఇళ్లలో తలచుకోకపోవడం బాధ కలిగిస్తోంది.

ఈ సంబంధాన్ని వివరించే తెలుగు పుస్తకాలు, వ్యాసాలు ఉన్నాయా? ఆ రోజుల్లో వెళ్లిన తెలుగు వైద్యులు తమ జ్ఞాపకాలు ఎక్కడైనా రాశారా? పెదనాన్నకు ఎనభై దాటాయి. ఆయన పక్కన కూర్చుని చదివి వినిపించాలని ఉంది.